సోమెలి గాజు మీద అంకె

మొదటి రోజు

సోమెలి ఈ ఉదయం చుట్ట మానేసింది. ఆమెతో పాటు నేనూ మానేశాను.

మా కొండ మీద ఇంట్లో ఒకరు పత్యం ఉంటే పెద్దవాళ్లూ తోడుగా పత్యం ఉండాలి. ఒకరి నోరు కట్టి తాను నములుతూ కూర్చునే మనిషి మాటకు ఇక్కడ విలువ లేదు. ఈ నియమం సోమెలికి చిన్నప్పుడు నేర్పింది నేనే కాబట్టి తప్పించుకోవడానికి దారి లేకపోయింది. నాకు డెబ్బై మూడేళ్లు. బడిలో లెక్కలు చెప్పి విరమించాను. ఇప్పుడు ఊరి నీటి లెక్క చూస్తున్నాను. బడి గంటల్లో తప్ప నా నోట్లో చుట్ట లేని వేళ ఉండేది కాదు.

మాది అడ్డచుట్ట. నిప్పు కొస నోటి లోపల ఉంటుంది. మైదానంవాళ్లు చూస్తే మొహం తిప్పుకుంటారు. సముద్రం తీరాన్ని మింగాక వాళ్లు కొండ నడుముకు ఎక్కారు, మేము ఇంకా పైకి, మంచు దగ్గరికి ఎక్కాము. ఇక్కడ తాగే నీళ్లు మంచువలల నుంచే రావాలి. తెల్లవారుజాము నుంచి ఆడవాళ్లు వలలు గుడ్డతో తుడిచి తొట్టెల్లోకి పిండుతారు. గాలి, తుంపర. నిప్పు బయట ఉంటే నిలవదు, రెండు చేతులూ వల మీదే ఉండాలి. అందుకని నిప్పు లోపల, పెదవులు మూసి. మాట ముక్కులోంచి సన్నగా వస్తుంది. తల్లుల మాట విని పిల్లలూ అలాగే నేర్చారు. చుట్ట లేనప్పుడు కూడా మా ఆడవాళ్ల మాట పక్క వల దాకా వినబడదు.

సోమెలి నా మనవరాలు. ఏడో నెల. మొగుడు సముద్రపు గోడ పనికి దిగువకు వెళ్లాడు, కాన్పు దాకా సెలవు దొరకదు. నిన్న వైద్యశాల తెర మీద బిడ్డను చూపించారు. బరువు నెలకు తగ్గట్టు లేదన్నారు. సోమెలి ఈ ఉదయం చుట్టల కట్ట తెచ్చి పొయ్యిలో పడేసింది.

"ఒగ్గేసినానవ్వా. నువ్వూ ఒగ్గేయ్."

"నేనెందుకే? నాకేమన్నా కడుపా?"

"పత్యం," అంది.

దీపాలవేళకు ఆమె చేతి క్షేమగాజు మోగింది. అంకె ముప్పై నాలుగు. నిన్నటి దాకా యాభై రెండు.

మూడో రోజు

తల్లుల క్షేమశాఖ నుంచి శర్వాణి వచ్చింది. తీగ మీద వేలాడుతూ కొండెక్కే తీగబుట్ట దిగేసరికి పాపం ఆ పిల్లకు కళ్లు తిరుగుతాయి, కాసేపు బండ మీద కూర్చోబెట్టాలి. మర్యాదస్తురాలే. ఆమె మీద నాకు కోపం లేదు అని మొదట రాసి కొట్టేశాను. ఉంది.

కడుపుతో ఉండి చుట్ట తాగే మా కొండ ఆడవాళ్లకు మాత్రమే ఈ గాజు వేస్తారు. నాడి చూస్తుంది, చెమట చూస్తుంది, మాట వింటుంది. దీపాలవేళకు మనసు ఎంత బాగుందో వందకు లెక్కగట్టి అంకె చూపిస్తుంది. వారానికోసారి ప్రశ్నలు కూడా అడుగుతుంది. ఇవాళ అడిగింది: "భవిష్యత్తు మీద మీకు ఎంత ఆశ ఉంది? ఒకటి నుంచి ఐదు లోపు చెప్పండి."

"రేపు మంచు దిగితే ఉంటాది, దిగకపోతే ఉండదు," అంది సోమెలి. "దానికెంత ఎయ్యాల?"

శర్వాణి మూడు వేసింది.

"సోమెలి గారూ, మానేసినందుకు మా విభాగం చాలా సంతోషిస్తోంది. ముప్పై రోజులు పొగ లేకపోతే జాబితాలోంచి మీ పేరు తీసేస్తాం. గాజు కూడా తీసేస్తాం."

"అంకె సంగతి?" అన్నాను.

"అది మనసు విభాగం చూస్తుంది మామ్మగారూ. వరసగా పదిహేను సాయంత్రాలు నలభైకి లోపు ఉంటే ఊరటగృహానికి తీసుకెళ్తారు. ఒక్క సాయంత్రం నలభై దాటినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. తల్లి క్షేమం కోసమే."

"తాగుతున్నప్పుడు ఎంత ఉండేది?"

చేతిలోని పలక తెర చూసింది. "యాభై దాటే."

"మానేశాక?"

"ముప్పై నాలుగు. తర్వాత ముప్పై ఒకటి."

"అయితే మీ శాఖ చెబుతున్నదేమిటి? తాగమనా, మానమనా?"

"అలా కాదు మామ్మగారూ. పొగ విభాగం వేరు, మనసు విభాగం వేరు."

"కడుపు మాత్రం ఒకటే కదమ్మా," అన్నాను.

ఆమె నీళ్లు అడిగింది. ఇచ్చాను.

ఐదో రోజు

ఊరటగృహం అంటే ఏమిటో మాకు మింతిని చూసి తెలిసింది. మింతి మా కింది వీధి పిల్ల. ముందటేడు ఎనిమిదో నెలలో తీసుకెళ్లారు. మంచి తిండి పెట్టారు, మెత్తటి పరుపు ఇచ్చారు, అబద్ధం ఎందుకు చెప్పాలి. కాన్పు అయ్యాక బిడ్డను వేరే గదిలో ఉంచారు. తల్లి ఒంట్లో పొగవాసన ఉందట. గోడలోంచి ఒక గొంతు ఆ బిడ్డకు జోల పాడేది. బిడ్డకు ఏడాది నిండాక ఇద్దర్నీ తీగబుట్ట ఎక్కించి పంపారు. ఇప్పుడు ఆ పసిది నిద్రవేళకు గోడ వైపు తిరిగి ఏడుస్తుంది. మింతి ఎత్తుకుంటే ఊరుకోదు.

ఈ సంగతి సోమెలికి నేను గుర్తు చేయలేదు. అవసరం లేదు. మింతి ఇల్లు మా వల పక్కనే.

సాయంత్రం ఇరవై తొమ్మిది.

ఏడో రోజు

అంబలిలో ఉప్పు ఎక్కువైందని సోమెలి అంది. తక్కువైందని నేను అన్నాను. ఇద్దరం గిన్నె మధ్యలో పెట్టుకుని పోట్లాడుకున్నాం. చివరికి చూస్తే నేను అసలు ఉప్పే వేయలేదు.

రాత్రి నిద్ర లేదు. నోరంతా ఖాళీగా ఉంది, నాలుక ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. నీటి లెక్కలో కూడిక తప్పాను, అదీ రెండుసార్లు. నేను గర్భిణిని కాను కాబట్టి నా దిగులుకు గాజు లేదు. ఉండి ఉంటే సున్నా కింద ఎంత దాకా చూపిస్తుందో తెలిసేది.

తొమ్మిదో రోజు

మా పొరుగింటి బుడ్డమ్మ వచ్చింది. నా ఈడుదే. పెదవుల మధ్య చుట్ట, కళ్లల్లో నవ్వు.

"ఆ గాజు ఊడదీసి నా మేకకి ఎయ్యండే. అది ఎప్పుడూ ఉసారే."

"తాళం ఉంది, ఊడదు."

"అయితే మేకనే ఊరటగృహానికి పంపుదుం. కడుపుతోనే ఉన్నాది మరి."

సోమెలి నవ్వలేదు. బుడ్డమ్మ చుట్ట తీసి చేతిలో పట్టుకుంది. ఆమె అలా చేసిందంటే మాట ముఖ్యమైనదని అర్థం.

"పంతులమ్మా, నీకు తెలీదు గాని అందరూ సేసేదొకటి ఉన్నాది. పద్నాలుగో దినం దాకా మానేత్తారు. పదిహేనో సాయంత్రం దీపాలు ఎట్టక ముందు ఒక్క చుట్ట. గుండె నిమ్మళిస్తాది, అంకె యాభై ఎక్కుతాది. ఆల్లు ఎల్లిపోతారు."

"అప్పుడు పొగ లేని ముప్పై రోజుల లెక్క మొదటికి వస్తుంది కదా."

"వత్తాది. మళ్లీ మానేత్తారు."

"మళ్లీ పదిహేనో సాయంత్రం?"

"మళ్లీ ఒకటి." బుడ్డమ్మ భుజాలెగరేసింది. "కొందరు ఆ బాధెందుకని మానడమే మానేసినారు. దీపాలేళకి ముందు రోజూ ఓటి కాల్చుకుంటారు. అంకె బాగుంటాది, ఎవులూ రారు."

వైద్యశాల గోడ మీద శాఖవాళ్ల పటం ఒకటి ఉంది. కొండ తల్లుల మనఃక్షేమం మూడేళ్లుగా పెరుగుతోందని పచ్చ గీత ఒకటి పైకి ఎక్కుతూ ఉంటుంది. వాళ్ల నీటి లెక్క చూడటానికి వెళ్లినప్పుడల్లా దాన్ని చూస్తాను. అది ఎక్కేది క్షేమం వల్ల కాదు, పొగాకు వల్ల. ఆ గీత కింద ఎంతమంది బిడ్డలు బరువు తగ్గి పుట్టారో ఆ పటంలో లేదు. అది ఇంకో విభాగం.

పదకొండో రోజు

శాఖకు ఫిర్యాదు రాశాను. మర్యాదగా, అంశాలవారీగా. చుట్ట మానేవాళ్లకు మొదటి వారాల్లో చిరాకు, నిద్రలేమి సహజమనీ, దాన్ని దిగులుగా లెక్కించి బిడ్డను వేరు చేయడం అన్యాయమనీ, ముప్పై రోజుల నియమం, పదిహేను సాయంత్రాల నియమం ఒకదాని గొంతు ఒకటి పట్టుకున్నాయనీ రాశాను. చివర "ఇది సిగ్గుచేటు" అని ఒక్క వాక్యం చేర్చాను. తీసేద్దామా అనుకుని ఉంచాను.

మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. మనిషి రాసింది కాదు.

"మీ సందేశానికి ధన్యవాదాలు. మీ మాటల్లో ఆందోళన గమనించాం. మీ ఇంట్లో గర్భిణి ఉన్నందున, ఇంటి వాతావరణం కింద ఆమె అంకెలో నేటి నుంచి రెండు తగ్గించడమైనది."

నాలుగుసార్లు చదివాను. బడిలో ఒక పిల్ల లెక్క తప్పని లేచి చెబితే ఆ పిల్ల మార్కులు కోసే మాస్టారును నేను ఒక్కరోజు కూడా బడిలో ఉండనిచ్చేదాన్ని కాదు.

సాయంత్రం ఇరవై నాలుగు. తగ్గినవాటిలో రెండు నా వల్ల.

పద్నాలుగో రోజు

ఇవాళ చేసిన పని నాకు ఇష్టం లేదు. అయినా రాయాలి.

బుడ్డమ్మ దగ్గర రెండు ఆకులు అడిగి తెచ్చి నా చేత్తో చుట్ట చుట్టాను. రేపటి కోసం. ఒక్కటంటే ఒక్కటి. బిడ్డ తల్లి దగ్గర ఉండటం ముఖ్యమా, ఒక చుట్ట ముఖ్యమా అని వల తుడుస్తున్నంతసేపూ బేరీజు వేశాను. ఒకవైపు మింతి పిల్ల గోడ వైపు తిరిగి ఏడ్వడం. మరొకవైపు తెర మీద చూసిన బిడ్డ. ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోమని ఒక ముసలిదాన్ని నిలబెట్టినవాళ్లు ఎవరో, వాళ్ల పేరు తెలిస్తే ఇక్కడ రాసేదాన్ని. విభాగాల పేర్లే తెలుసు.

సోమెలి ముందు పెట్టాను.

చాలాసేపు చూసింది. వాసన చూసింది. మళ్లీ నా ఒడిలో పెట్టేసింది.

"వద్దవ్వా."

"రేపు ఒక్క సాయంత్రమే. నువ్వు నలభై దాటితే చాలు, ఇంకో పదిహేను రోజుల గడువు వస్తుంది."

"ముప్పై దినాల లెక్క పోద్ది కదా."

"మళ్లీ మొదలుపెడదాం."

"నాను మళ్లీ మొదలెట్టలేనవ్వా," అంది. "నావల్ల గాదు. ఈ పద్నాలుగు దినాలు ఎలా ఎల్లినాయో నీకు ఎరికే. ఒక్కటి నోట్లో ఎట్టుకున్నానంటే నాను మరి ఒగ్గను. నా సంగతి నాకు తెల్సు."

"తీసుకుపోతారే."

"తెర మీద దాని సేతి ఏళ్లు సూసినావా నువ్వు? నాను లెక్కెట్టినాను. ఒక సెయ్యి నోట్లో ఎట్టుకున్నాది, అగుపడనేదు. రెండో సేతివి ఐదూ ఉన్నాయి. నాను దానికి మాటిచ్చినాను."

చుట్టను నేను పొయ్యిలో వేశాను. పొగ ఇల్లంతా నిండింది. ఇద్దరం బయటికొచ్చి చలిలో కూర్చున్నాం, లోపల ఉంటే ఆ వాసనకు మనసు ఆగదని.

ఇరవై ఐదు.

పదిహేనో రోజు

మధ్యాహ్నం తీగబుట్టలో శర్వాణి వచ్చింది. ఖాళీ సంచి తెచ్చింది, బట్టలు పెట్టుకోవడానికి. దీపాలవేళ దాకా ఆగాలి, అంకె చూడాలి, బయలుదేరాలి. వలల దగ్గర ఆడవాళ్లు పని ఆపకుండానే దగ్గరికి జరిగారు. బుడ్డమ్మ సంచి మీద కూర్చుంది. లేవమంటే కాళ్లనొప్పి అంది.

సోమెలి గడపలో కూర్చుని ఉంది.

శర్వాణి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. మెల్లగా, ప్రేమగానే మాట్లాడింది. "భయపడకండి సోమెలి గారూ. అక్కడ అన్నీ చూసుకుంటారు. మీ మంచికే కదా. బిడ్డ పుట్టాక కొన్నాళ్లు వేరే గదిలో ఉంచుతారు. మీ జుట్టులో, ఒంట్లో పొగవాసన పోయేదాకానే. తర్వాత..."

"ఏ పొగ?" అంది సోమెలి.

"అంటే... పాత అలవాటు కదా."

సోమెలి లేచింది. ఏడో నెల మనిషి అంత త్వరగా లేవకూడదు. నేను చెయ్యి చాపేలోపే లేచింది.

"నా జుట్టు వాసన సూసినావా నువ్వు? ఎప్పుడేనా దగ్గిరికొచ్చి సూసినావా?"

ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. పుట్టినప్పుడు ఏడ్చిన గొంతు తర్వాత మళ్లీ ఇప్పుడే.

"పదిహేను దినాలు! నిప్పు ముట్టుకోనేదు నాను! పళ్లు జివ్వుమంతన్నాయి, కంటికి కునుకు నేదు, ఈ ముసిల్ది ఉప్పెయ్యకుండా ఉప్పు కోసం దెబ్బలాడతాది, అన్నీ ఓర్సుకున్నాను! ఎవులికోసం? నీ అంకె కోసమా? నా కడుపులో గుంట కోసం! దాన్ని తీసుకెళ్లి గోడకి అప్పజెప్తావా? మింతి పిల్లని సూసినావా ఎప్పుడైనా? రా, సూపిత్తాను రా! బాగుండాల బాగుండాల అంటావు, నిప్పు మింగినోల్లు బాగుంటారేటి! నీ గాజు మీద మన్నుపడ! నీ శాఖ దీపం ఆరిపోనూ! నాను రాను! ఏటి సేస్తావో సెయ్యి!"

కింది వీధిలో కుక్కలు మొరిగాయి. మింతి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎవరి చేతిలోంచో వల గుడ్డ జారి పడింది.

అప్పుడు గాజు మోగింది.

ఎప్పుడూ ఎర్రగా వెలిగేది ఈసారి నీలంగా వెలిగింది. డెబ్బై ఒకటి. దాంతో పాటు ఒక తీయని గొంతు: "అభినందనలు. ఈ సాయంత్రం మీరు ఎంతో ఉల్లాసంగా ఉన్నారు."

సోమెలి తన చేతిని వేరేవాళ్ల చేతిని చూసినట్టు చూసుకుంది.

"ఓలమ్మ, ఉల్లాసమంట!" అంది బుడ్డమ్మ సంచి మీద నుంచి. అందరూ ఒక్కసారిగా నవ్వారు. నేను నవ్వలేదు. శర్వాణి కూడా నవ్వలేదు.

ఆమెను లోపలికి పిలిచి తలుపు వేశాను.

"ఏమిటిది?"

"తప్పు," అంది. "గొంతు పెద్దదై, మాట వేగంగా వస్తే ఉత్సాహం కింద పడుతుంది. నాడి వేగం కూడా అప్పుడు అటే కలుస్తుంది."

"ఎవరి గొంతులతో నేర్పారు దానికి?"

"మైదానం తల్లులతో. రెండు వేల మంది."

"గొంతు సన్నగా ఉంటే?"

ఆమె నేల చూసింది. "దిగులు కింద. అంకెలో ఇరవై దాకా కోత పడుతుంది."

నేను చదువుకున్నదాన్ని. కోపం వచ్చినప్పుడు ముందు లెక్క చేస్తాను. ఈ పదిహేను సాయంత్రాల్లో సోమెలికి వచ్చిన అతి తక్కువ అంకె ఇరవై నాలుగు. దానికి ఇరవై కలపమన్నాను. కలిపింది. ఒక్క సాయంత్రం కూడా నలభై కిందికి రాలేదు. మింతి అంకెలు తీసి చూడమన్నాను. పలక మీద వేలు కదిలించి, మధ్యలో ఆపేసింది. ఏమి కనబడిందో నాకు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు.

"నేను ఇప్పుడే పైకి రాస్తాను మామ్మగారూ," అంది, "కానీ కొలత తప్పని రాస్తే ఇవాళ్టి అంకె కూడా చెల్లదు. చెల్లని సాయంత్రాన్ని నలభై లోపు కిందే లెక్కేస్తారు. అప్పుడు ఆమెను..."

"తీసుకెళ్లాలి."

"అవును."

నా జన్మలో తప్పు లెక్కను తెలిసి వదిలింది లేదు. నీటి లెక్కలో చెంబెడు తేడా వచ్చినా తెల్లవారేదాకా కూర్చుని పట్టుకుంటాను. అలాంటి నన్ను ఈ శాఖ ఎక్కడికి తెచ్చిందో చూడండి.

"అంకె, కొలత తప్పన్న మాట, రెండూ రాయాలి," అన్నాను. "ఏది ముందు రాయాలో నేను చెబుతాను. ఇవాళ డెబ్బై ఒకటి రాయి. అది గాజు చెప్పిన మాట, నువ్వు కల్పించింది కాదు. ముప్పయ్యో రోజున పిల్ల పేరు జాబితాలోంచి తీసెయ్యి, గాజు ఊడదియ్యి. ఆ మరుక్షణం రెండోది రాయి. ఇక్కడ, నా ముందు కూర్చుని."

"తెలిసి దాచానంటే నా ఉద్యోగం..."

"నీకు ఉద్యోగం. సోమెలికి బిడ్డ."

శర్వాణి పలక దగ్గరికి లాక్కుని డెబ్బై ఒకటి రాసింది. సంచి కోసం బయటికి వెళ్తే బుడ్డమ్మ లేవలేదు. సంచి వదిలేసి వెళ్లింది.

ముప్పయ్యో రోజు

తెల్లవారుజామున మంచు బాగా దిగింది, తొట్టెలు పొర్లాయి.

శర్వాణి మాట నిలబెట్టుకుంది. గాజు తాళం తీసింది. సోమెలి మణికట్టు చుట్టూ తెల్లటి గీత పడింది, రుద్దుకుంటూ కూర్చుంది. వైద్యశాల తెర మీద బిడ్డ బరువు పెరిగింది. ఇంకా తక్కువే, కానీ పెరిగింది.

తర్వాత మా వాకిట్లో కూర్చుని కొలత తప్పన్న ఉత్తరం రాసింది. అక్షరదోషాలు మూడు ఉంటే దిద్దాను. పంపాక అంది, జవాబు రావడానికి ఆరునెలలు పడుతుందని. ఈ కొండల మీద గాజు వేసుకుని ఇంకా ఆరుగురు ఉన్నారు. ఆరునెలల్లో ఆరుగురికీ కాన్పులైపోతాయి. ఆ మాట అంటే తల దించుకుంది. తల దించుకోవడం వల్ల ఎవరికీ కాన్పు ఆగదు.

తీగబుట్ట ఎక్కబోతూ ఆగి, పలక భుజం సంచిలో పెట్టేసి, సోమెలిని అడిగింది.

"ఎలా ఉన్నావు సోమెలీ?"

ఇన్ని నెలల్లో ఆ ప్రశ్న అడగడం ఇదే మొదలు.

"కాళ్లు వాసినాయి," అంది సోమెలి. "సుట్ట కావాల. నీ మొకం సూడాలని నేదు. గుంట తన్నుతున్నాది, అది బాగున్నాది. నడుం నొప్పి. ఇంకా సెప్పాలా?"

"చెప్పు," అంది శర్వాణి. తీగబుట్ట వెళ్లిపోయింది, ఆమె మాత్రం సాయంత్రం బుట్ట దాకా ఉండిపోయింది.

ఇప్పుడు ఆరుగురి సంగతి. మింతి చెల్లెలు మొత్తికి ఆరో నెల. రేపటి నుంచి చుట్ట మానేస్తానని వచ్చి చెప్పింది. పత్యానికి తోడు నేనుంటాను, సోమెలి ఉంటుంది. మొత్తి మా అందరికంటే మెత్తటి పిల్ల. ఎవరినీ ఇంతవరకు పల్లెత్తు మాట అనలేదు. పదిహేనో సాయంత్రానికి ఆమెకు గొంతు చించుకునేంత కోపం తెప్పించాలి. ఆ పని నాకు అప్పజెప్పారు. అందుకు నువ్వు ప్రత్యేకంగా ఏమీ చెయ్యక్కర్లేదు పంతులమ్మా, రోజూ ఉన్నట్టు ఉంటే చాలు అని బుడ్డమ్మ అంటోంది.